నల్ల పెట్ట ఎందుకు బతికింది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఏలూరు జిల్లాలో ఒక పల్లె. పెరట్లో 53 కోళ్ళు, 8 బాతులు ఉండేవి. సంక్రాంతి అయ్యాక సంతలో ఒక పుంజును కొని తెచ్చి గుంపులో వదిలాం. ఐదో రోజుకు అది తూగి పడిపోయింది. తర్వాత పది రోజుల్లో మొత్తం 25 పోయాయి. ఆకుపచ్చగా పారుకున్నాయి, నోరు తెరిచి ఊపిరి తీశాయి, కొన్నిటికి మెడ తిరిగిపోయింది. మా పశువుల డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూసి కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) అన్నారు.

సంత పుంజుతో కలిపి నాటువి 30 ఉంటే 23 పోయాయి. వీటికి ఎప్పుడూ టీకా వేయించలేదు. వనరాజా అనే సంకర జాతివి 14 ఉంటే 2 పోయాయి. పిల్లలుగా ఉన్నప్పుడు లాసోటా అనే కొక్కెర టీకా చుక్కలు వేశామని అమ్మినవాళ్ళు చెప్పారు. గుడ్లు తగ్గాయని లేయర్ ఫారం వాళ్ళు అమ్మేస్తే కొన్న తెల్ల పెట్టలు 10, ఒక్కటీ పోలేదు. బాతులకు ఏమీ కాలేదు.

నాటువాటిలో మిగిలిన 7 ఏవంటే, ఒక నల్ల పెట్ట, దాని కింద ఉన్న 12 రోజుల పిల్లలు 5లో 4, దాని పోయినేటి పిల్లలు 5లో ఒక పెట్ట, ఇంకా మెడ వంకర తిరిగిన ఒక పుంజు. ఈ నల్ల పెట్ట రెండేళ్ళ కింద వచ్చిన కొక్కెరలో కూడా బతికింది. "చావు తప్పించుకున్నదే మంచి రక్తం. దాన్నీ దాని పిల్లల్నీ పెంచితే చాలు, ఇక చుక్కలూ సూదులూ అక్కర్లేదు" అంటారు మా అత్తగారు. "నాటు జాతే బలహీనం, తెల్ల కోళ్ళే గట్టివి, అన్నీ అవే కొందాం" అంటాడు మా అబ్బాయి. ఎవరి మాట నిజం? జబ్బును తట్టుకునే గుణం నిజంగా రక్తంలో ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెరట్లో 25 కోళ్ళు పోవడమంటే ఇంటి ఇల్లాలికి చేతిలో ఆడే డబ్బు పోవడం. అంత బాధలోనూ ఏ రకంవి ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి, వాటికి ఏ టీకా పడింది అని మీరు లెక్క రాశారు. ఎక్కువ మంది "అన్నీ పోయాయండీ" అనే రాస్తారు. మీ ప్రశ్నకు సగం జవాబు మీ లెక్కలోనే ఉంది.

ముందు సూటిగా చెబుతాను. జబ్బును తట్టుకునే గుణం రక్తంలో ఉంటుంది. మీ అత్తగారి సూత్రం తప్పు కాదు. కొన్ని కోళ్ళ జబ్బుల్లో అది అక్షరాలా నిజమని శాస్త్రవేత్తలు రుజువు చేశారు. కానీ మీ పెరట్లో ఈసారి బతికినవాటిలో ఎక్కువ భాగం బతికింది రక్తం వల్ల కాదు. కాబట్టి చుక్కలు మానేస్తే వచ్చే కొక్కెరకు ఇంతకన్నా ఎక్కువ పోగొట్టుకుంటారు.

తెల్ల పెట్టల సంగతి ముందు చూద్దాం. లేయర్ ఫారంలో పెరిగిన పెట్టకు గుడ్లు పెట్టే వయసు వచ్చేలోపే కొక్కెర టీకా మూడు నాలుగుసార్లు పడుతుంది. చిన్నప్పుడు కంట్లో చుక్కలు, మళ్ళీ నీళ్ళలో, ఎనిమిది పది వారాలప్పుడు ఆర్2బి అనే టీకా సూది, చాలాచోట్ల దాని మీద మరో సూది. అంటే మీ ఇంటికి వచ్చేటప్పటికే వాటి ఒంట్లో కొక్కెర వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు నిండుగా ఉన్నాయి. అది జాతి బలం కాదు, టీకా బలం. అదే తెల్ల జాతి పిల్లల్ని టీకా లేకుండా మీ పెరట్లో పెంచి ఉంటే అవీ నాటువాటిలాగే పోయేవి. మీ అబ్బాయికి ఇది చెప్పండి. వనరాజాలకు చిన్నప్పుడు ఒక విడత చుక్కలు పడ్డాయి, తర్వాత వేయాల్సినవి పడలేదు. రక్షణ కొంత మిగిలింది కాబట్టి 12 నిలబడ్డాయి, రెండు పోయాయి.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఇలాంటి లక్షణాలే బర్డ్ ఫ్లూలోనూ వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్ళు కుప్పలుగా పోయినప్పుడు అది హెచ్5ఎన్1 అని భోపాల్ ల్యాబ్ పరీక్షలో తేలేదాకా చాలామంది ఏదో తెగులు అనుకున్నారు. మీ ఇంట్లో అది వచ్చి ఉంటే కొక్కెర టీకా తెల్ల పెట్టల్ని కాపాడేది కాదు, అవి కూడా పడిపోయేవి. టీకా పడినవి నిలబడి, పడనివి పోయాయంటే మీ డాక్టరు గారు కొక్కెర అన్నది సరైనదే అనిపిస్తోంది. అయినా ఇంకెప్పుడైనా నాలుగైదు కోళ్ళు ఒక్కసారి పోతే కళ్ళతో చూసి తేల్చుకోకండి. పశువుల ఆసుపత్రికి చెప్పి శాంపిల్ పంపించమనండి. చచ్చినవాటిని ఉత్త చేతులతో ముట్టుకోకండి.

ఇక నల్ల పెట్ట. రెండేళ్ళ కింద అది కొక్కెరను తట్టుకుంది అన్నారు. ఒకసారి ఈ వైరస్ తగిలి బతికిన కోడికి, టీకా వేసినట్టే, ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. ఈసారి దాన్ని కాపాడింది చాలావరకు అవే. మరి దాని పిల్లలు? తల్లి ఒంట్లోని యాంటీబాడీలు గుడ్డు పచ్చసొనలోకి దిగుతాయి, అక్కడి నుంచి పిల్లకు అందుతాయి. కోడి తన పిల్లకు ఇచ్చే జున్నుపాలు అవే అనుకోండి. పుట్టినప్పుడు బాగా ఉంటాయి, నాలుగైదు రోజులకోసారి సగానికి తగ్గుతూ వస్తాయి, మూడు నాలుగు వారాలకు దాదాపు అయిపోతాయి. మీ పిల్లల వయసు 12 రోజులు. తల్లి ఇచ్చింది ఇంకా ఒంట్లో ఉంది. అందుకే ఐదింట్లో నాలుగు నిలిచాయి.

ఇది నా ఊహ అనుకోకుండా మీ లెక్కలోనే మరో సాక్ష్యం చూడండి. నల్ల పెట్ట పోయినేటి పిల్లలు ఐదు ఉండేవన్నారు. వాటిలోనూ తల్లి జన్యువులు సగం ఉన్నాయి. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు మాత్రం ఎప్పుడో అయిపోయాయి. బతికించింది రక్తమే అయితే ఇవి కూడా నిలబడాలి కదా? ఐదింట్లో నాలుగు పోయాయి. చంటిపిల్లలు ఐదింట్లో నాలుగు నిలిచాయి, ఎదిగినవి ఐదింట్లో నాలుగు పోయాయి. ఒకే తల్లి, ఒకే పెరడు. తేడా ఆ యాంటీబాడీలదే.

మిగిలిన ఆ ఒక్క ఎదిగిన పెట్ట ఉంది చూశారూ, రక్తం గురించి ఏదైనా చెప్పగలిగేది అదొక్కటే. దానికి టీకా పడలేదు, ముందు జబ్బు తగలలేదు, తల్లి యాంటీబాడీలూ లేవు, అయినా బతికింది. కానీ ఒక్క కోడిని చూసి ఏమీ తేల్చలేం. అది ఆ వారం వేరే చోట పడుకుందేమో, దానికి తగిలిన వైరస్ తక్కువేమో. దాని గురించి చివర్లో చెబుతాను.

అసలు కొక్కెర ఒక్కోసారి ఒట్టి తుమ్ములతో పోతుంది, ఒక్కోసారి గంప ఎత్తేసరికి గుంపంతా పడి ఉంటుంది. ఎందుకు? ఇందులో కోడి రక్తం కన్నా ముందు వైరస్ రక్తాన్ని చూడాలి. వైరస్‌కు రక్తం ఉండదనుకోండి, దాని జన్యువుల మాట అంటున్నాను.

ఈ వైరస్ జన్యువంతా కలిపి సుమారు 15,000 అక్షరాలు. దాని ఒంటి మీద ఫ్యూజన్ ప్రోటీన్ అని ఒకటి ఉంటుంది. కోడి కణంలోకి వైరస్ దూరేది దాని సాయంతోనే. అయితే అది మూతపడిన స్థితిలో తయారవుతుంది. కోడి ఒంట్లోని ఎంజైమ్ ఏదో ఒకటి దాన్ని ఒక చోట కోసి రెండు ముక్కలు చేస్తేనే పనికొస్తుంది. లాసోటా లాంటి మెత్తని రకాల్లో ఆ కోసే చోటును ట్రిప్సిన్ లాంటి ఎంజైములు మాత్రమే కోయగలవు. అవి ఊపిరి దారిలో, పేగుల్లో ఉంటాయి. అందుకే మెత్తని రకం అక్కడే పెరిగి అక్కడే ఆగిపోతుంది. ప్రాణం తీసే రకాల్లో అదే చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. ఆ చోటును కోసే ఎంజైమ్ పేరు ఫ్యూరిన్, అది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. మొదటి రకం తాళానికి చెవి ఊళ్ళో రెండిళ్ళలోనే ఉంటే, రెండో రకానికి ప్రతి గుమ్మానికీ చెవి వేలాడుతున్నట్టు. ఇక ఆ వైరస్ మెదడులోకి వెళ్తుంది, ప్లీహంలోకి వెళ్తుంది, గుడ్లు తయారయ్యే చోటికి వెళ్తుంది.

మీ డాక్టరు గారు కోసి చూసింది దీని గుర్తే. కందనకాయకు ముందు ఒక మెత్తని చిన్న సంచి ఉంటుంది. దాన్ని నిలువునా చీల్చి, లోపలి జిగురును వేలితో తుడిస్తే, ఆవగింజంత బొడిపెలు వరసగా కనిపిస్తాయి. కొక్కెరతో పోయిన కోడిలో చాలాసార్లు ఆ బొడిపెల కొసల మీద ఎర్రటి చుక్కలు ఉంటాయి, సూదితో గుచ్చినట్టు. పేగులోనూ అక్కడక్కడా నల్లబడిన మచ్చలు. మెత్తని రకం వైరస్ ఈ పని చేయలేదు. ఇన్నేళ్ళలో ఎన్నో కోళ్ళను గోనెపట్టా మీద పరిచి చూశాను. ఆ చుక్కలు కనపడగానే పక్క ఇళ్ళవాళ్ళ కోళ్ళు గుర్తొచ్చి గుండె బరువెక్కేది.

వైరస్‌లో ఆ కాసిని అక్షరాలు మారితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో కళ్ళారా చూశారు. 1998 నుంచి 2002 వరకు అక్కడ కొక్కెర చాలాసార్లు లేచింది. బయటి దేశం నుంచి వచ్చిందేమో అనుకున్నారు. జన్యువు చదివి చూస్తే, అక్కడి కోళ్ళలో ఏ హానీ చేయకుండా తిరుగుతున్న మెత్తని వైరసే ఆ కోసే చోట మారి ప్రాణాంతకం అయిందని తేలింది. కోళ్ళు అవే, జాతులు అవే.

అలాగని ఆ ఒక్క చోటే అంతా అనుకోకూడదు. మన దేశంలో ముక్తేశ్వర్‌లో 1940లలో తయారు చేసిన ఆర్2బి టీకా వైరస్‌లో కూడా ఆ కోసే చోటు గట్టి రకం తరహాలోనే ఉంటుంది. అయినా మిగతా జన్యువుల్లో మెత్తబడినందువల్ల ఎదిగిన కోడికి అది మందులా పని చేస్తుంది. చంటిపిల్లకు వేస్తే మాత్రం చంపేయగలదు. "లాసోటా పడకుండా, ఎనిమిది వారాలు నిండకుండా ఆర్2బి వేయొద్దు" అని మేం నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే.

ఇప్పుడు కోడి వైపు వద్దాం. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఈజిప్టు నుంచి వచ్చిన ఫయూమీ అనే నాటు జాతినీ, గుడ్ల కోసం పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతినీ పక్కపక్కన పెట్టి, లాసోటా వైరస్‌ను తగిలించి చూశారు. ఫయూమీలు వైరస్‌ను తొందరగా వదిలించుకున్నాయి. ఆఫ్రికాలోని ఘనా, టాంజానియాల్లో అక్కడి నాటుకోళ్ళ మీద కూడా ఇలాంటి పని పెద్ద ఎత్తున జరిగింది. ఒంట్లో వైరస్ ఎంత పెరుగుతుంది, యాంటీబాడీలు ఎంత వస్తాయి అనేవాటిలో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని తేలింది. కొంత భాగమే సుమా. అది కూడా ఒకే జన్యువు వల్ల కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తేనే. ఒక పెట్టను ఎంచుకుంటే ఆ ఎన్నో జన్యువులు మూటగట్టి పిల్లకు రావు. సగం వస్తాయి, మిగతా సగం పుంజు ఇస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఈ జబ్బును 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గరా గుర్తించారు. 1927లో మన హిమాలయాల పక్కనున్న రాణీఖేత్‌లో గుర్తించారు. పుస్తకాల్లో దీనికి ఆ రెండు ఊళ్ళ పేర్లే ఉన్నాయి. అంటే మన నాటుకోడి దాదాపు వందేళ్ళుగా దీన్ని చూస్తోంది. ప్రతిసారీ పల్లెల్లో బతికిన కోళ్ళనే పొదిగించుకున్నాం. అంటే మీ అత్తగారు చెప్పిన పద్ధతి వందేళ్ళుగా దానంతట అదే జరుగుతోంది. అయినా టీకా పడని నాటు గుంపులో గట్టి వైరస్ పడితే ఇవాళ్టికీ పదింట్లో ఎనిమిది తొమ్మిది పోతున్నాయి. గట్టి వైరస్ ముందు కోడికీ కోడికీ ఉన్న చిన్న తేడాలు నిలవవు. బతికినవాటిలో చాలావరకు యాంటీబాడీల వల్లో, దూరంగా ఉండడం వల్లో బతికినవే. మళ్ళీ సంత నుంచి కొత్తవి తెస్తాం, రక్తం కలిసిపోతుంది.

మరి రక్తం గట్టిగా పని చేసే జబ్బు ఏదీ లేదా అంటే ఉంది. దాని పేరు మారెక్స్. హంగరీ పశువైద్యుడు జోజెఫ్ మారెక్ 1907లో మొదట దాని గురించి రాశాడు. మీరూ చూసే ఉంటారు. మూడు నాలుగు నెలల కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతుంది, తిండి తింటూనే ఎండిపోతుంది, కోస్తే కాలేయంలో తెల్లటి గడ్డలు. అది హెర్పిస్ జాతి వైరస్ అని 1967లో తేలింది. ఈకల మొదళ్ళలో పెరిగి, చుండ్రులాంటి పొట్టుతో గాలిలో కలుస్తుంది. అందుకే దాన్నుంచి ఏ షెడ్డూ తప్పించుకోలేదు.

కోడి పదహారో క్రోమోజోము మీద 'బి' అని పిలిచే జన్యువుల గుంపు ఉంది. కణంలోకి దూరిన వైరస్ ముక్కను బయటికి పట్టి చూపించి, "ఇదిగో దొంగ ఇక్కడ ఉన్నాడు" అని రక్షక కణాలను పిలిచే పని దానిది. మనుషుల్లో ఆ పనిని చాలా జన్యువులు పంచుకుంటాయి. కోడిలో ముఖ్యంగా ఒక్కటే మోస్తుంది. అది మంచిదైతే కోడికి అదృష్టం, కాకపోతే ఆదుకోవడానికి మరొకటి లేదు. బి21 అనే రకం ఉన్న కోళ్ళు మారెక్స్‌ను బాగా తట్టుకుంటాయి, బి19 ఉన్నవి తొందరగా పడిపోతాయి. ఎందుకంటే బి21 రకరకాల వైరస్ ముక్కల్ని పట్టుకోగలదు. 1960లలో కార్నెల్ యూనివర్సిటీలో రాండాల్ కోల్ అనే ఆయన, ఈ వైరస్ తగిలించి, ఏ కుటుంబం నిలబడింది, ఏ కుటుంబం పోయింది అని చూసి, ఒకే గుంపు నుంచి కొద్ది తరాల్లోనే తట్టుకునే వరసనూ తట్టుకోలేని వరసనూ వేరు చేశాడు. మీ అత్తగారి సూత్రమే అది. కానీ ఆయన చేసింది ఒక్క పెట్టను చూసి కాదు, అక్కలు, చెల్లెళ్ళు, తమ్ముళ్ళు అందరినీ కలిపి లెక్కేసి. మిషిగన్‌లోని ఈస్ట్ లాన్సింగ్ ల్యాబ్‌లో 6, 7 అని రెండు కోళ్ళ వరసలు ఉన్నాయి. రెండిట్లోనూ 'బి' రకం ఒకటే, అయినా ఆరోది మారెక్స్‌ను తట్టుకుంటుంది, ఏడోది తట్టుకోదు. అంటే 'బి' కాకుండా ఇంకా వేరే జన్యువులు కూడా ఉన్నాయన్నమాట.

ఒక జబ్బును తట్టుకుంది కదా అని అన్నిటినీ తట్టుకుంటుందనుకోకూడదు. గంబోరో సంగతి చూడండి. 1962లో అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో గంబోరో అనే చోట బయటపడింది కాబట్టి ఆ పేరు. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో వస్తుంది. అందులో ఎక్కువ దెబ్బ తినేది తెల్ల లెగ్‌హార్న్ జాతే, బరువు జాతులు కాస్త నయం. మీ అబ్బాయి గట్టివి అంటున్న తెల్లవి ఇవే.

మారెక్స్ కథలో మీకు బాగా పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. 1970ల మొదట్లో దానికి టీకా వచ్చింది. ఇప్పుడు హేచరీలోనే ఒకరోజు పిల్లకు మెడ దగ్గర వేస్తారు. ఆ టీకా కోడి చావకుండా కాపాడుతుంది గానీ వైరస్ ఒంట్లో పెరగకుండా, ఈకల పొట్టుతో బయటికి పోకుండా ఆపలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ వైరస్ మరింత గట్టిపడింది. 2015లో బ్రిటన్, అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. బాగా గట్టి వైరస్ తగిలిన టీకా లేని కోళ్ళు, దాన్ని బయటికి పెద్దగా వదిలేలోపే చనిపోయాయి. టీకా వేసినవి వారాల తరబడి బతికి, వారాల తరబడి వదిలాయి. వాటి పక్కన ఉంచిన టీకా లేనివాటికి అది అంటుకుని, అవి పోయాయి.

ఇది మీ పెరటికి ఎలా వర్తిస్తుందో చూడండి. కొక్కెర టీకా వేసిన కోడికి కూడా వైరస్ తగలొచ్చు. అది జబ్బు పడదు, కానీ కొన్నాళ్ళు రెట్టలో, ముక్కు చీమిడిలో వైరస్‌ను వదులుతుంది. కాబట్టి తెల్లవాటికి టీకా ఉండి, నల్ల పెట్ట సంతానాన్ని మాత్రం "మంచి రక్తం" అని వదిలేస్తే, ఇంట్లోనే ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నిప్పు అంటించినట్టు అవుతుంది. వేస్తే అన్నిటికీ వేయాలి. సగానికి వేసి సగం వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

బాతుల గురించి కూడా రెండు మాటలు. బర్డ్ ఫ్లూలో కోడి పడిపోయినా బాతు తట్టుకోవడానికి ఒక కారణం తెలిసింది. వైరస్ లోపలికి రాగానే కణంలో గంట కొట్టే రిగ్-ఐ అనే జన్యువు బాతులో ఉంది, కోడిలో లేదు. 2010లో కెనడాలోని ఆల్బెర్టా యూనివర్సిటీ వాళ్ళు బాతు రిగ్-ఐని కోడి కణాల్లో పెట్టి చూస్తే, ఆ కణాల్లో ఫ్లూ వైరస్ పెరగడం తగ్గింది. కొక్కెరలో కూడా బాతులు మామూలుగా జబ్బు పడవు, కానీ మోస్తాయి. మీ 8 బాతులు బాగున్నాయి కదా అని కోళ్ళ నీళ్ళ తొట్టిలో దిగనివ్వకండి. రాత్రి గూడు కూడా వేరుగా ఉండాలి.

అబ్బాయి చదువుకున్నవాడైతే జన్యువునే మార్చేయొచ్చు కదా అంటాడేమో. ఆ పని కూడా జరిగింది. 2023లో ఎడిన్‌బరోలోని రోస్లిన్ సంస్థ వాళ్ళు, ఫ్లూ వైరస్ తన పనికి వాడుకునే ఏఎన్‌పీ32ఏ అనే కోడి జన్యువును కొద్దిగా మార్చారు. మామూలు మోతాదులో వైరస్ తగిలిస్తే పదింట్లో తొమ్మిదికి అంటలేదు. మోతాదు వెయ్యి రెట్లు చేస్తే పదింట్లో ఐదింటికి అంటింది. అక్కడ వైరస్ కూడా తన జన్యువు మార్చుకుని, ఆ కుటుంబంలోని వేరే జన్యువులతో పని కానిచ్చుకోవడం మొదలుపెట్టింది. అవి మన పెరటికి వచ్చే కోళ్ళు కావు, ఇప్పటికి ల్యాబ్‌లోవే.

ఇక మీరు చేయాల్సింది. మెడ తిరిగిన పుంజును ఉంచకండి. పాపం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ దాని ఒంట్లో వైరస్ ఇంకా ఉండొచ్చు, దాన్నుంచి పిల్లలు తీయడంలో లాభమూ లేదు. మీ డాక్టరు గారికి చెప్పి తీసేయించి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. చచ్చినవాటిని కాలువలో వేసే అలవాటు మన వైపు ఉంది, దయచేసి మీరు చేయకండి. కాలువ దిగువన ఇంకొకరి పెరడు ఉంటుంది. గూడు, గంపలు సబ్బు నీళ్ళతో కడిగి బాగా ఎండలో పెట్టండి. నేల పైపొర గీకి తీసి సున్నం చల్లండి. కనీసం నెల రోజులు కొత్త కోడిని తేకండి. ఆ తర్వాత తెచ్చినా రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే గిన్నెతో ఉంచండి. ఈసారి నష్టం సంత పుంజుతోనే వచ్చింది.

చుక్కల సంగతి. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లాసోటా కానీ ఎఫ్ రకం కానీ, కంట్లో ఒక చుక్క. నాలుగు వారాలకు మళ్ళీ ఒకటి. ఎనిమిది పది వారాలకు రెక్క కింద ఆర్2బి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి మీ డాక్టరు గారు చెప్పినట్టు. రెండో చుక్కను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. నల్ల పెట్టలాంటి తల్లి పిల్లల్లో మొదటి చుక్కను ఆ తల్లి యాంటీబాడీలే చాలావరకు మింగేస్తాయి, అసలు పని చేసేది నాలుగు వారాలప్పటిదే. సీసాను ఐసు మీదే తేవాలి. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు తగిలితే అందులోని వైరస్ చచ్చి, మీరు ఉత్త నీళ్ళు వేసినట్టు అవుతుంది. చుక్క వేశాక పిల్లను వెంటనే వదలకండి. అది రెప్ప కొట్టి, చుక్క కంట్లో ఇంకిపోయేదాకా అరచేతిలో పట్టుకోండి. తర్వాత చేతులు కడుక్కోండి. ఈ వైరస్ మన కంట్లో పడితే కొన్నాళ్ళు కళ్ళు ఎర్రబడొచ్చు, మామూలుగా దానంతట అదే తగ్గిపోతుంది.

చిన్న సీసాలో కూడా వంద మోతాదులు ఉంటాయి. మీ ఇంటికి అంత అక్కర్లేదు. మీ పొదుపు సంఘంలో కోళ్ళున్న ఇళ్ళన్నీ ఒక రోజు అనుకుని, సాయంత్రం కోళ్ళు గూటికి చేరాక ఒక్క సీసాతో వీధంతా వేసేయండి. టాంజానియా, మొజాంబిక్ పల్లెల్లో ఆడవాళ్ళు ఊరంతా కలిసి నాలుగు నెలలకోసారి ఇలాగే చేస్తారు. అక్కడ వాడేది వేడిని కాస్త తట్టుకునే ఐ-2 రకం టీకా.

మరి రక్తాన్ని వదిలేయాలా? వద్దు. నల్ల పెట్టనూ ఆ ఎదిగిన పెట్టనూ ఉంచండి. పొదుగుతాయి, పిల్లల్ని పెంచుతాయి, కుక్కనూ గద్దనూ గుర్తుపడతాయి. ఈ గుణాలూ రక్తంలోవే. వనరాజా అసలు పొదగదు. అది రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ సంకరం చేసి ఇచ్చిన కోడి, దాని గుడ్లు పొదిగిస్తే పిల్లల్లో ఆ గుణాలు అలాగే నిలవవు. నల్ల పెట్టకు వేరే ఊరి పుంజును, టీకా పడినదాన్ని చూసి జత కట్టండి. ఏడాదికో ఏడాదిన్నరకో పుంజును మార్చండి. ఒక్క పెట్ట సంతానాన్నే మళ్ళీ మళ్ళీ కలిపితే పిల్లలు కుదించుకుపోతాయి, గుడ్లు పొదగవు.

ఒక్కో పెట్ట పిల్లల కాలికి ఒక్కో రంగు దారం కట్టండి. నల్ల పెట్టవాటికి ఎరుపు, దాని కూతురు పెట్టవాటికి పసుపు, ఇంకోదానికి నీలం. దారం బిగుసుకోకుండా నెలకోసారి వదులు చేయండి. ఏ రంగు పిల్లలు ఎన్ని పుట్టాయి, మూడు నెలలకు ఎన్ని మిగిలాయి, కాళ్ళు చాచి పడిపోయినవి ఏ రంగువి అని, నాకు రాసినట్టే ఒక నోటుబుక్కులో రాయండి. అన్నిటికీ చుక్కలు పడ్డాక కూడా ఏళ్ళ తరబడి ఒక రంగు పిల్లలే ఎక్కువ మిగులుతుంటే, అప్పుడు అత్తగారి మాటకు విలువ వస్తుంది. ఆ కుటుంబం నుంచే ఎక్కువ పిల్లల్ని తీయండి.

మీ ఉత్తరం నాకు చేరేసరికి వారం అయింది. ఆ నాలుగు పిల్లలకు ఇప్పుడు తల్లి ఇచ్చింది అయిపోయే వేళ. ఈ వారంలోనే మీ పశువుల ఆసుపత్రికి వెళ్ళి లాసోటా అడగండి, ఐసు పెట్టుకోవడానికి మూత ఉన్న డబ్బా ఒకటి వెంట తీసుకెళ్ళండి.